ఊరు పేరు లేని నాణెములు

మన పల్లెలయందు పొలము దున్నునపుడు గాని, ఇంటికి పునాది త్రవ్వునపుడు గాని పాతకుండ యొకటి బయటపడినచో మొట్టమొదట వినవచ్చు మాట "లంకెబిందెలు" అనునదియే. ఆ మాట చెవిని పడుటతోడనే పొలముగలవారు తలుపులు మూయుదురు. కూలివారు దొరకినంత కొంగున ముడివైచుకొందురు. ప్రొద్దు క్రుంకునప్పటికి కంసాలి కుంపటి రాజుకొనును. తెల్లవారునప్పటికి రెండువేల యేండ్ల చరిత్ర మురుగుగనో మొలత్రాడుగనో మారియుండును. వెండి బంగారములకు పట్టు గతి యిది. రాగికిని సీసమునకును పట్టునది యింతకంటె హీనము. రాగి కంచరివాని త్రాసునకు పోవును. సీసము కరగి జాలరివాని వలకు గుండ్లగును.

మేము ముప్పది సంవత్సరములకు పైగా పాత నాణెములను కూర్చుచున్నాము. ఈ వ్యసనమువలన మేము పొందిన యానందములు గలవు, మోసపోయిన సందర్భములు గలవు, చేసిన తప్పులును గలవు. వానిని పాఠకుల యెదుట నుంచుటకు కారణము మా గొప్ప చెప్పుకొనుట కాదు. మన దేశమున నాణెములు దొరకునది పొలములలోను పాటిదిబ్బలలోను. ఆ పొలములు గలవారు మా పాఠకులలో ననేకులు. మేము ఆలస్యముగా నేర్చిన పాఠమును వారు ముందుగా నేర్తురేని దేశచరిత్రకు మేలు గలుగునని మా యాశ.

నాణెమునకు చరిత్రయందింత పెద్దపీట యేల యని కొందఱడుగవచ్చును. తాటాకు చెదలపాలగును. శాసనమున రాజు తాను చెప్పదలచినదే చెక్కించును. నాణెమన్ననో సంతలోనికి పోవలసిన వస్తువు. అది చేతులు మారును, అరుగును, సరిహద్దులు దాటును. తుదకు భయపడిన వాడెవ్వడో దానిని పాతిపెట్టును. అది ఎచ్చట దొరకినది, ఎన్నిటితో కలిసి దొరకినది, ఏ నాణెముల సరసన దొరకినది యనునదియే దాని సాక్ష్యము. ఆ సాక్ష్యము పోయినచో మిగులునది లోహము మాత్రమే.

ఇందుకు నిదర్శనము 1906వ సంవత్సరమున నాసిక మండలమునందలి జోగళ్‌తెంబి గ్రామమున దొరకిన నిధి. అందు క్షహరాతుడైన నహపానుని వెండి నాణెములు 13,000కు మించి యుండెను. వానిలో 9,000కు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించి యుండెను. గౌతమీపుత్రుడు క్షహరాత వంశమును నిర్మూలించెనని యాతని తల్లి బలశ్రీ నాసిక గుహాశాసనమున చెప్పుకొన్నది. తల్లి చెప్పిన మాట గదా యని సందేహించువారికి ఈ నిధి బదులు చెప్పినది. ఓడిన రాజు ముఖముమీద గెలిచిన రాజు ముద్ర పడుటకంటె వేరు సాక్ష్యమేల? ఆ కుండను ఆనాడు పదిమంది పంచుకొని యున్నచో ఆ లెక్క యెవ్వరికి తెలిసెడిది?

మన తెలుగునాటి సంగతి చూతము. జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున కోటిలింగాల యను గ్రామము గలదు. శాతవాహనులలో మొదటివాడైన సిముకుని పేరు నానాఘాట్ గుహలో నున్నను, పురాణములలో నొకచో శిశుకుడని, ఒకచో సింధుకుడని, మఱియొకచో శిప్రకుడని మారుచు వచ్చినది. 1970వ దశకమున పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రిగారు వెల్లడించిన కోటిలింగాల నాణెములలో నీ సిముకుని నాణెములు గలవు. అంతేకాదు, గోబద, నారన, కంవాయసిరి, సమగోప యని శాతవాహనులకు ముందున్నట్లు తోచు ప్రభువుల పేర్లును వానియందు వెలువడినవి. ఏ పురాణమును ఈ పేర్లను మనకు చెప్పలేదు. గోదావరి గట్టున దొరకిన చిన్నచిన్న లోహపు బిళ్లలు చెప్పినవి. అవి కోటిలింగాలలో దొరకినవని తెలియుటచేతనే శాతవాహనుల తొలినాళ్లను గూర్చి మాటలాడువారు తెలంగాణమువైపు చూడవలసి వచ్చినది.

మఱియొక యుదాహరణము. తూర్పు చాళుక్యులగు శక్తివర్మ, రాజరాజనరేంద్రుల పేరిటి పలుచని బంగారు నాణెములు బర్మాదేశపు అరకాను తీరమునందలి చెదూబ ద్వీపమున దొరకినవి. నన్నయభట్టారకుని పోషించిన రాజు నాణెము సముద్రమును దాటి పోయినదన్న మాట! అదే నాణెము రాజమహేంద్రవర మందలి అంగడిలో, ఎచ్చటినుండి వచ్చినదో తెలియక, మన కంటబడి యుండినచో దానిని చూచి ముచ్చటపడుటకంటె మనము చేయగలిగినది లేదు.

ఇక మా పెట్టెలోని నాణెములను గూర్చి చెప్పుదుము. మిక్కిలి ప్రియమైనది ఒక సీసపు నాణెము. దానిమీద రెండు కొయ్యలు గల యోడ బొమ్మ. వెనుకవైపున నాలుగు వలయములు గల ఉజ్జయినీ చిహ్నము. ఇట్టివి తూర్పు సముద్రతీరమున దొరకు శాతవాహన నాణెములని పండితులెల్లరు నెఱుగుదురు. కోస్తా పట్టణమొకదానిలో కంచరివాని తట్టయందు పాత చెంబుల నడుమ నిది పడియుండగా తూకమునకు కొంటిమి. అక్షరములు పూర్తిగా నరిగినవి. ఓడ మాత్రము నిలిచినది. దానిని అరచేత నుంచుకొన్నపుడెల్ల, ఈ తీరమున నొకనాడు రాజే యోడను తన ముద్రగా నెంచెనుగదా యని హృదయము పొంగును.

రెండవది బజారున విలువ లేనిది. తొండమెత్తిన యేనుగు బొమ్మ గల పోటీను నాణెము. తెలంగాణమున నిట్టివి వేలకొలది దొరకినవి. అయినను దానిని మేమెవ్వరికి నీయము. దానిని మాకిచ్చిన యుపాధ్యాయుడు దానితోడ నొక కాగితపు ముక్కను జతపఱచెను. అందు గ్రామము పేరు, చేను పేరు, వాన వెలసిన మరునాడు మట్టిపైన కనబడిన తేదీ, ప్రక్కనున్న యెఱ్ఱని పెంకుల సంగతి, అన్నియు ముత్యములవంటి యక్షరములతో వ్రాసియున్నవి. నాణెము వెల యెంతయో చెప్పుట సులభము. ఆ కాగితమునకు వెల కట్టజాలము.

ఇక మా మోసములు. మొదటిది భక్తివలన కలిగినది. శ్రీరామ పట్టాభిషేకము ఒకవైపును హనుమంతుడొకవైపును గల రామటెంకి నొకదానిని, "ఇది రాజులనాటి నాణెము, బియ్యమును తనకడకు లాగుకొనును" అని చెప్పగా కొంటిమి. రామటెంకులు భక్తులు పూజించుకొను బిళ్లలే గాని చెల్లుబడి ధనము కావు. అట్లే 1616 అని తేదీ వేసి హనుమంతుని బొమ్మతో అమ్మబడు "కంపెనీ అణా" శుద్ధ కల్పితము. ఈస్టిండియా కంపెనీ అట్టిదాని నేనాడును ముద్రింపలేదు. ఇక బియ్యము సంగతి యందురా, మా బియ్యము డబ్బాలోని గింజ యొకటియైనను కదలలేదు. మా జేబులోని రూకలు మాత్రము కదలిపోయినవి.

రెండవది పాండిత్యగర్వమువలన కలిగినది. యజ్ఞశ్రీ శాతకర్ణి ముఖబింబముగల వెండి నాణెము దొరకుట యరుదు. అట్టిది చేతికి రాగానే, చదువ నేర్చితిమిగదా యని బ్రాహ్మీ అక్షరములు చదివి మురిసిపోయి అడిగినంత యిచ్చితిమి. ఏడాది గడచిన పిదప మిత్రుని పెట్టెలో నదే నాణెము కనబడినది. రాజు చెక్కిలిమీద నదే గీత, అదే చోట! పాతకాలపు అచ్చుతో కొట్టిన రెండు నాణెములకు అచ్చు ఒక్కటి కావచ్చును గాని, వాడుకలో పడిన గీత యొక్కటి కాజాలదు. అపుడు భూతద్దముతో చూడగా అంచుచుట్టు అతుకుగీతయు, ముఖమున సన్నని గుంటలును కనబడెను. అది కొట్టిన నాణెము కాదు, పోతపోసిన బొమ్మ. అక్షరములను చదువుటకు ముందు అంచును చదువవలెనని నాటినుండి నేర్చితిమి.

మూడవ తప్పునకు ఇతరులను నిందింపజాలము. చిలుము పట్టిన యేనుగు నాణెమొకదానిని చింతపండుతోను బూడిదతోను తోమితిమి. తళతళలాడినది, అక్షరములు చిలుముతో కూడ పోయినవి. సీసపు నాణెములను భద్రముగా నుండునని కొయ్యపెట్టెలో దాచితిమి. కొన్నియేండ్లకు తెఱచి చూడగా కొన్ని తెల్లని పొడియై యుండెను. కొయ్యనుండి వెలువడు పులుపుగాలి సీసమును తినివైచునని పిమ్మట తెలిసినది.

ఇవన్నియు ధననష్టములు, వస్తునష్టములు. మా మనస్సును నేటికిని బాధించునది నాలుగవది. ఒక వర్తకుడు మాకు పండ్రెండు వెండి ముద్రాంకిత నాణెములను తెచ్చి యిచ్చెను. ఇవి మన దేశమున నతి ప్రాచీనములు. 32 గురిగింజల యెత్తు అనునది వాని కొలత. సూర్యుడు, కొండ, చెట్టు మొదలగు చిన్నచిన్న ముద్రలు వేఱువేఱుగా కొట్టబడియుండును. ఎచ్చటివని యడుగగా నవ్వి యూరకుండెను. మేమును నవ్వి సొమ్ము చెల్లించితిమి. తరువాత మాటలసందున నతడు చెప్పినదేమన, అట్టివి కుండెడు దొరకెననియు, మంచివి పండ్రెండు మాకుగా నేరి తక్కినవి కరగించిరనియు.

ఆ కుండ విలువ యేమో పాఠకులు గ్రహింతురుగాక. 1924లో తక్షశిలయందు దొరకిన నిధిలో ముద్రాంకిత నాణెములు వేయికి మించియుండగా, వానితో కలిసి అలెగ్జాండరు నాణెములును దొరకుటచేత ఆ నిధి కాలము తెలిసినది. దామోదర ధర్మానంద కోశాంబిగారు అట్టి నాణెములను వేలకొలది తూచి, చేతులు మారినకొలది యెంత యరుగునో లెక్కకట్టి, ఏవి ముందటివో యేవి వెనుకటివో నిర్ణయింప యత్నించిరి. అమరావతి నిధి చెదరక మ్యూజియమునకు చేరుటచేతనే 1963లో పరమేశ్వరీలాల్ గుప్తగారి గ్రంథమునకు విషయమైనది. కుండ మొత్తము గ్రంథము. పండ్రెండు నాణెములు చినిగిన పుటలు.

కొంతకాలమునకు మనసొప్పక ఆ పండ్రెండింటిని మ్యూజియమువారికి అప్పగింప గొనిపోతిమి. అచ్చటి యుద్యోగి వానిని ప్రీతితో చూచి ఒక్కమాట యడిగెను: "ఇవి ఎచ్చటివండి?" మేము తల వంచుకొంటిమి. కొనువాడు లేనిచో కరగించువాడైనను మంచివాని నేరి దాచడు, కుండను విప్పి చెదరగొట్టడు. ఆ కొలిమికి బొగ్గు వేసినవారిలో మేము నొకరమని యొప్పుకొనక తప్పదు.

ఐతే దోషమంతయు ప్రజలదేనా? 1878వ సంవత్సరపు నిక్షేప శాసనము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెను. తెలుపనివాడు తన వాటాను కోల్పోవుటయే గాక శిక్షకును పాత్రుడగును. ప్రభుత్వము తీసికొన్నచో చెల్లించునది లోహపు వెలయు, దానిలో నైదవవంతును. అనగా, రెండువేల యేండ్ల సీసపు నాణెమునకు సీసపు వెలయే ఆధారము! మనకీ శాసనమును చేసిపెట్టిన యింగ్లండునందు నేడు 1996వ సంవత్సరపు చట్టమునుబట్టి, మ్యూజియమునకు చేరిన నిధికి బజారువెలనే కట్టి దొరకినవానికిని భూస్వామికిని పారితోషికముగా నిచ్చుచున్నారు. అచ్చటి రైతు మాట దాచనక్కఱలేదు. ఇచ్చటి రైతు నిజము చెప్పినచో నష్టపడును. స్వతంత్రదేశమున నీ శాసనము ఇంకను మారకుండుట మనకు తగదు. నాణెమునకు తగిన వెలయు, జాప్యము లేని చెల్లింపును, పోలీసు భయము లేని విచారణయు నుండినచో కుంపటికి పోవు కుండలు సగమైనను కచ్చేరికి వచ్చునని మా నమ్మకము.

శాసనము మారువరకు వేచియుండనక్కఱలేని పనులు కొన్ని గలవు. నిధి దొరకిన నాడే తెలుపుడు. కుండను విడదీయకుడు; పెంకును పారవేయకుడు. నాణెమును తోమకుడు. పాటిమన్ను బండ్లకెత్తించి చేలకు తోలించునపుడు కూలివారి చేతికి దొరకినదేదో యడిగి చూడుడు. వాన వెలసిన పిదప దిబ్బమీద నొక్క బిళ్ల కనబడినను గ్రామము పేరు, చేను పేరు, తేదీ ఒక కాగితముపై వ్రాసి దానితో నుంచుడు. నాగలి నాడు అంగుళము అంగుళముగా తిరుగవేసిన నేలను నేడు పొక్లెయిను ఒక్కపూటలో నెత్తిపోయుచున్నది. కావున ఈ జాగ్రత్త యిదివఱకటికంటె నిపుడే యవసరము.

మేమా వర్తకుని పిమ్మట ఊరు చెప్పని నాణెమును కొనుట మానితిమి. మా పెట్టె అప్పటినుండి మెల్లగా నిండుచున్నది. కాని అందలి ప్రతి నాణెము ప్రక్కను నిపుడొక కాగితపు ముక్క యున్నది.