జనాభా పెరుగుదల - తలసరి నీటి లభ్యత

జనాభాకు, సహజ వనరులకు గల సంబంధాన్ని ఒక చిన్న భాగహారంతో అర్థం చేసుకుందాం. మన దేశంలో ఏటా సగటున లభించే నీరు సుమారు 1,86,900 కోట్ల ఘనపు మీటర్లు. 1951లో జనాభా 36.1 కోట్లు, తలసరి లభ్యత 5,177 ఘనపు మీటర్లు. 2011లో జనాభా 121 కోట్లు. తలసరి లభ్యత 1,545 మాత్రమే. ఇది 1,700 కంటే తగ్గితే నీటి ఒత్తిడి ఏర్పడినట్లు భావిస్తారు. నీరు తగ్గలేదు, పంచుకునేవారు పెరిగారని మీరు గమనించాలి.

అయితే జనాభా ఒక్కటే కారణం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి కలిగే సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరపడటానికి అవసరమైన 2.1 కంటే ఇవి తక్కువే. అయినా రాయలసీమ రైతు నీటి కోసం వందల అడుగుల లోతుకు బోరు వేయవలసి వస్తున్నది. ఎందుకంటే మనం తోడే భూగర్భ జలంలో అత్యధిక భాగం సేద్యానికే పోతుంది. వాన తక్కువ పడే చోట వరి వంటి పంటలు వేస్తే, జనం పెరగకపోయినా నీటిమట్టం పడిపోతుంది.

కాబట్టి ఎంతమంది ఉన్నామనే దానితో పాటు, దేనికి ఎంత వాడుతున్నామో కూడా లెక్కించాలి.

అభ్యాసం: మీ ఊరిలో బోర్ల లోతు 20 ఏళ్ల క్రితం ఎంత, ఇప్పుడెంత? పెద్దలను అడిగి, తేడాకు కారణాలు రాయండి.