ఓడ దిగిన చీమ

మీరు ఒక పెద్ద ప్రయాణీకుల ఓడలో హిందూ మహాసముద్రం మీద పోతున్నారనుకోండి. రాత్రంతా చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ లేదు. తెల్లవారి డెక్కు మీదికి వచ్చి చూస్తే ఎదురుగా నీళ్ళలోంచి నిటారుగా లేచిన రాతిగోడ, దానిపైన ముదురాకుపచ్చని అడవి, ఆ అడవి మీద గుంపులు గుంపులుగా తిరిగే సముద్రపు పక్షులు! ఓడ ఇంజను ఆగింది. ఈ పగలంతా ఇక్కడే మజిలీ. సాయంకాలం మళ్ళీ ప్రయాణం.

మనం వచ్చింది క్రిస్మస్ దీవికి. ఇది జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, భూమధ్యరేఖకు పది డిగ్రీల దిగువన ఉంది. ఆస్ట్రేలియా దేశానికి చెందినదే అయినా, ఆ దేశపు పెర్త్ నగరం ఇక్కడికి దాదాపు 2,600 కిలోమీటర్లు! దీవి వైశాల్యం 135 చదరపు కిలోమీటర్లు. 1643 డిసెంబరు 25న విలియం మైనర్స్ అనే ఓడ కెప్టెన్ దీని పక్కగా పోతూ, అది క్రిస్మస్ పండుగ రోజు కాబట్టి ఆ పేరే పెట్టి, దిగకుండానే వెళ్ళిపోయాడు.

దీవిలో ఉన్న ముఖ్యమైన రేవు ఒక్కటే. దాని పేరు ఫ్లయింగ్ ఫిష్ కోవ్, అంటే ఎగిరే చేపల రేవు. అయితే మన ఓడ ఒడ్డుదాకా పోదు. ఎందుకంటే, ఈ దీవి సముద్రం అడుగునుంచి లేచిన ఒక పాత అగ్నిపర్వతపు కొన మాత్రమే. ఒడ్డుచుట్టూ పగడపు దిబ్బ సన్నని అంచులా ఉంటుంది. ఆ అంచు దాటగానే నేల ఒక్కసారిగా లోతుల్లోకి జారిపోతుంది. కనుక ఓడ దూరంగా ఆగుతుంది. మనం చిన్న పడవల్లో దిగి ఒడ్డు చేరాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా అలలు పెద్దవిగా వస్తాయి. అలాంటి రోజున వస్తే దీవిని దూరంనుంచి చూసి తిరిగిపోవలసిందే!

అడవిని ఊడ్చేదెవరు?

ఈ దీవి ఏనాడూ ఏ ఖండంతోనూ కలిసి లేదు. మరి ఇక్కడికి ప్రాణులు ఎలా వచ్చాయి? ఎగరగలిగినవి ఎగిరి వచ్చాయి. ఈదగలిగినవి ఈది వచ్చాయి. కొన్ని కొట్టుకువచ్చిన దుంగలమీద ప్రయాణం చేసి వచ్చివుంటాయి. జింకలు, కోతులు, పిల్లులు రాలేకపోయాయి. అందువల్ల వేరే అడవుల్లో ఆ జంతువులు చేసే పనులు ఇక్కడ మరొకరు చేయవలసి వచ్చింది.

అడవిలో నాలుగడుగులు వేస్తే మీకొక వింత కనబడుతుంది. ఇది వానలు బాగా పడే ఉష్ణమండలపు అడవి. నేలమీద రాలిన ఆకులు మోకాలిలోతు ఉండాలి, మొలకలు కిక్కిరిసి ఉండాలి. కాని ఇక్కడ నేల ఊడ్చిన వాకిలిలా ఉంది! ఊడ్చిందెవరో తెలియాలంటే కాసేపు కదలకుండా నిలబడండి. గరగరమని చప్పుడు. ఒక బొరియలోంచి ఎర్రని పీత బయటికి వచ్చి, రాలిన ఆకును డెక్కతో పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది.

ఇదే ఎర్రపీత. మన పొలంగట్ల మీద కనబడే ఎండ్రకాయకు దూరపు చుట్టం. దీని డిప్ప వెడల్పు 11 సెంటీమీటర్లు దాటవచ్చు. ఇది ఆకులు, పండ్లు, గింజలు, లేత మొలకలు తింటుంది. ఈ దీవిలో ఇలాంటి పీతలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. పరిశోధకులు అడవిలో కొన్నిచోట్ల కంచె కట్టి, పీతలు లోపలికి రాకుండా చేసి చూశారు. కంచె లోపల మొలకలు గుబురుగా లేచాయి, కంచె బయట నేల ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. అంటే అడవిలో ఏ మొలక బతకాలో, ఏది బతకకూడదో చాలావరకు నిర్ణయిస్తున్నది పీతలే అన్నమాట.

అష్టమినాటి ప్రయాణం

ఎర్రపీత నేలమీద బతికినా దాని మొప్పలు తడిగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది. అందుకే పొడిరోజుల్లో అది బొరియలోనే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తొలివానలు పడగానే పీతలన్నీ ఒక్కసారిగా సముద్రంవైపు బయలుదేరుతాయి. అడవిలోంచి, కొండలమీంచి, బాటలమీంచి, ఇళ్ళ పెరళ్ళలోంచి ఎర్రని ప్రవాహంలా దిగుతాయి. ఆ రోజుల్లో కొన్ని రోడ్లు మూసేస్తారు. పీతలకోసం రోడ్లకింద తూములు కట్టారు. ఒకచోట అయిదు మీటర్ల ఎత్తున వంతెనే కట్టారు!

ముందు మగపీతలు చేరి ఒడ్డుదగ్గర బొరియలు తవ్వుతాయి. ఆడపీతలు వచ్చి జతకట్టాక మగవి అడవికి తిరిగిపోతాయి. ఆడవి తడిబొరియల్లో పన్నెండు పదమూడు రోజులు గుడ్లు మోసి, తరువాత సముద్రంలో విడిచిపెడతాయి. ఒక్కొక్క పీత లక్ష గుడ్ల దాకా పెట్టగలదు.

అసలు విశేషం ఆ ముహూర్తంలో ఉంది. గుడ్లు విడిచేది చంద్రుడు క్షీణించి సగమైనప్పుడు, అంటే మన లెక్కలో బహుళ అష్టమి ప్రాంతాల, తెల్లవారకముందు, పోటు తిరిగి పాటు మొదలయ్యే వేళ. ఎందుకలాగ? అమావాస్యకూ, పున్నమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది కాబట్టి పోటుకూ పాటుకూ తేడా ఎక్కువ. అష్టమినాడు అవి రెండూ లంబకోణంలో లాగుతాయి కాబట్టి ఆ తేడా తక్కువ. ఎర్రపీతకు ఈత రాదు. నీరు నెమ్మదిగా ఉన్న రోజైతేనే అది అంచుదాకా పోయి, గుడ్లు దులిపి, ప్రాణంతో తిరిగి రాగలుగుతుంది. ఆ ముహూర్తానికి తగినన్ని రోజులు మిగలకుండా వానలు ఆలస్యమైతే పీతలు తొందరగా నడుస్తాయి, లేదా మరుసటి నెలకు వాయిదా వేస్తాయి.

నీళ్ళు తగలగానే గుడ్లు పగులుతాయి. పిల్లల్లో చాలావాటిని చేపలూ, తిమింగల సొరలూ తినేస్తాయి. ఒక నెల తరువాత అయిదు మిల్లీమీటర్ల బుల్లిపీతలు ఒడ్డుకు వస్తాయి. చాలా ఏళ్ళు అసలు రావు, వచ్చినా కొద్దిగానే. పదేళ్ళలో ఒకటి రెండుసార్లు మాత్రం నేల కనబడనంతగా వస్తాయి. ఆ ఒకటి రెండుసార్లతోనే ఈ జాతి నిలబడుతూ వచ్చింది.

మజిలీ ఒక్కరోజే కాబట్టి మిగతా వారిని త్వరగా పలకరిద్దాం. కొబ్బరికాయలను పగలగొట్టే దొంగపీత ఇక్కడ ఉంది. నేలమీద బతికే కీళ్ళకాళ్ళ ప్రాణులన్నిటిలో అదే పెద్దది. నాలుగు కిలోల దాకా పెరుగుతుంది. ఎత్తైన చెట్ల కొసన గూడుకట్టే అబ్బాట్ బూబీ అనే సముద్రపక్షి ఈనాడు ప్రపంచంలో గుడ్లు పెట్టేది ఈ ఒక్క దీవిలోనే. సాయంత్రం పండ్ల గబ్బిలాలు ఎగురుతాయి. వాటిని బాగా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి మాట వస్తుంది.

టిక్కెట్టు లేని ప్రయాణీకులు

1888లో బ్రిటిషువారు ఈ దీవిని తమదిగా ప్రకటించారు. ఎరువుకు పనికివచ్చే ఫాస్ఫేట్ ఇక్కడ దొరికింది. తవ్వకానికి మనుషులు కావాలి, సరుకులు కావాలి. కాబట్టి ఓడలు రావడం మొదలైంది. ఇవాళ దీవిలో ఉన్న సుమారు 1,700 మందిలో చైనీయుల, మలయీయుల, యూరోపియనుల సంతతివారు ఉన్నారు. వారు వచ్చిన దారీ ఈ రేవే.

1899లో హిందుస్తాన్ అనే ఆవిరి ఓడ వచ్చింది. దానిలోంచి నల్లఎలుకలు కూడా దిగాయి. అప్పటికి ఈ దీవికే ప్రత్యేకమైన ఎలుక జాతులు రెండు ఇక్కడ వేలకొద్దీ ఉండేవి. 1903 వచ్చేసరికి రెండూ లేవు! నాలుగేళ్ళలో రెండు జాతులు ఎలా మాయమయ్యాయి? ప్రదర్శనశాలల్లో దాచివుంచిన పాత ఎలుక చర్మాలనుంచి డి.ఎన్.ఏ. తీసి పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2008లో జవాబు చెప్పారు. ఓడ రాకముందు పట్టిన ఎలుకల్లో లేని ఒక రోగజీవి, ట్రిపనోసోమ్, ఓడ వచ్చిన తరువాత పట్టినవాటిలో కనిపించింది. అంటే ఓడ ఎలుకను తెచ్చింది, ఎలుక రోగాన్ని తెచ్చింది. ఆ రోగాన్ని ఎన్నడూ ఎరగని దీవి ఎలుకలు దానికి తట్టుకోలేకపోయాయి.

ఇక అసలు కథ పిచ్చిచీమది. పసుపుపచ్చగా, పొడుగుకాళ్ళతో, నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. కదిలిస్తే దిక్కుతెన్నూ లేకుండా పరుగెత్తుతుంది కాబట్టి ఆ పేరు. 1915కూ 1934కూ మధ్య ఎప్పుడో సరుకులతోపాటు దీవిలో దిగింది. దిగి ఏం చేసింది? చాలాకాలం ఏమీ చేయలేదు! అందరూ దాన్ని మరిచిపోయారు. 1989లో మాత్రం అడవిలో ఒకచోట నేలంతా కమ్మేసిన చీమల మహాసమాజం కనిపించింది. ఒక రాణి కాదు, ఎందరో రాణులు. పొరుగు పుట్టతో యుద్ధం కూడా లేదు. తరువాత పన్నెండు పదమూడేళ్ళలో అలాంటివి వేలాది హెక్టార్లకు పాకాయి.

ఈ చీమ కుట్టదు. ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. ఒక చీమ చిమ్మితే పీతకు లెక్కలేదు. వేలచీమలు ఒకేసారి చిమ్మితే కళ్ళు పోతాయి, నోరు దెబ్బతింటుంది, ప్రాణం పోతుంది. ఇలా చచ్చిన ఎర్రపీతలు కోటికి పైగా ఉంటాయని అంచనా. చీమలు లేని చోట బతికే పీతలు కూడా సముద్రానికి పోయేదారిలో వాటికి చిక్కి చచ్చాయి. పీతలు పోయిన చోట ఆకులు పేరుకున్నాయి, మొలకలు గుబురుగా లేచాయి. పరిశోధకులు కంచె కట్టి చూసిన దృశ్యమే ఇప్పుడు కంచె లేకుండా అడవంతా కనబడసాగింది.

తేనెమంచు రహస్యం

అంత చీమల దండుకు తిండి ఎక్కడిది? మన రైతులకు ఈ ప్రశ్న వేస్తే జవాబు సగం చెప్పగలరు. మామిడి పూతకు పట్టే తేనెమంచు పురుగు తెలుసు కదా? చెట్టురసం పీల్చి, ఎక్కువైన తీపినీటిని విసర్జిస్తుంది. క్రిస్మస్ దీవి చెట్లమీద అలాంటి పని చేస్తున్నది లక్కపురుగుల కుటుంబానికి చెందిన ఒక పొలుసుపురుగు. అదీ బయటినుంచి వచ్చిందే. చీమకు పురుగు తీపి పెట్టింది, పురుగుకు చీమ కాపలా కాసింది. ఇద్దరూ కలిసి పెరిగారు.

మొదట 2002లో హెలికాప్టర్ల నుంచి విషం కలిపిన ఎర చల్లారు. చీమలు చచ్చాయి, కాని కొన్నాళ్ళకు మళ్ళీ లేచాయి. ఏటేటా విషం చల్లుతూ పోవడం మంచిది కాదు కదా! అప్పుడు శాస్త్రజ్ఞులు ఇలా ఆలోచించారు: చీమను వదిలేసి, దాని వంటఇల్లు మూసేస్తే? చీమలు చెట్టెక్కకుండా అడ్డుకట్టి చూస్తే, నాలుగు వారాల్లోనే వాటి సందడి బాగా తగ్గిపోయింది.

మలేసియాలో ఈ పొలుసుపురుగును అదుపులో పెట్టే కందిరీగ ఒకటి ఉంది. కందిరీగ అనగానే భయపడకండి. ఇది రెండు మిల్లీమీటర్లే, మనల్ని కుట్టదు. పురుగు శరీరంలో గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగును తిని బయటికి వస్తుంది.

కాని ఆగండి. ఒక పరదేశి ప్రాణివల్ల కష్టం వచ్చిందంటూ మరొక పరదేశిని తేవడమా? మంచి ప్రశ్న. 1935లో చెరుకుతోటల పురుగులను తింటుందని ఆస్ట్రేలియాలోకి ఒక పెద్ద కప్పను తెచ్చారు. ఆ పురుగులు తగ్గలేదు సరికదా, విషం నిండిన ఆ కప్పే దేశానికి పెద్ద బెడద అయింది. అందుకే ఈసారి ఏళ్ళ తరబడి పరీక్షలు చేశారు. దీవిలో ఉండే ఇతర పొలుసుపురుగులను కందిరీగ ముందుపెట్టి చూశారు. అది వాటిని ముట్టలేదు. అప్పుడుగాని, 2016 డిసెంబరులో, దాన్ని దీవిలో వదలలేదు. కందిరీగ నిలదొక్కుకుంది, అడవిలో వ్యాపించింది. ఆ తరువాతి సంవత్సరాల్లో పీతల సంఖ్య మళ్ళీ పెరిగింది. ఇప్పుడు పది కోట్లకు పైగా ఉంటాయని జాతీయవనం వారి అంచనా.

అందరి కథా ఇలా ముగియలేదు. మొదట ఈ దీవిలో అయిదు స్తన్యజీవులు ఉండేవి. రెండు ఎలుకల సంగతి విన్నారు. ఒక చుంచు 1985 తరువాత కనబడలేదు. పిపిస్ట్రెల్ అనే చిట్టి గబ్బిలం కూత 2009 ఆగస్టులో చివరిసారి వినిపించింది. మిగిలింది మీరు గుర్తుపెట్టుకున్న పండ్ల గబ్బిలం ఒక్కటే. 1980లలో తోడేలుపాము అనే చిన్నపాము కూడా దీవిలో దిగింది. ఆ తరువాత నీలితోక నలికిరి, లిస్టర్ బల్లి అడవిలో లేకుండా పోయాయి. ముందుగా కొన్నిటిని పట్టి పెంచుతున్నారు కాబట్టి జాతి మిగిలింది. అడవి నలికిరి కథ వేరు. దానిలో చివరిది 2014 మే 31న బోనులోనే చనిపోయింది.

సాయంకాలమైంది. పడవ ఎక్కేముందు చెప్పు తిప్పి అడుగు చూడండి. మట్టిలో గింజ ఇరుక్కుందా? సంచి మడతలో చీమ దూరిందా? దిగేముందు కూడా ఇలాగే చూసుకున్నారు కదా? ఇలాంటి రేవుల్లో యాత్రికుల బూట్లూ సామానూ పరీక్షించేది మనల్ని విసిగించడానికి కాదని ఇప్పుడు మీకు తెలిసింది.

ఓడలో అంతదూరం పోలేనివారు పెరట్లో ఈ పని చేయండి. చిక్కుడుతీగకు పేనుబంక పట్టినప్పుడు అక్కడికి చీమల బారు వస్తుంది. అలాంటి రెండు తీగలు ఎంచుకుని, ఒకదాని మొదట్లోనూ, అది అల్లుకున్న పందిరి గుంజకూ దూది చుట్టి, ఆముదంతో తడిపి చీమలను ఆపండి. అక్షింతల పురుగులు ఏ తీగమీద ఎక్కువ చేరాయో, పేనుబంక ఎక్కడ తగ్గిందో వారంరోజులు లెక్క రాయండి. క్రిస్మస్ దీవిలో జరిగిన కథలో ఒక ముక్క మీ కళ్ళముందే జరుగుతుంది.