సకిని రామచంద్రయ్య

సకిని రామచంద్రయ్య కోయ తెగకు చెందిన డోలి కళాకారుడు. ఇతని స్వస్థలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మణుగూరు మండలం, కూనవరం గ్రామం. ఈ ప్రాంతం 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇతడు 2024 జూన్ 23న మరణించాడు.

గానశైలి

డోలి కోయలు తమ తెగ వంశచరిత్రలను, ఇలవేల్పుల కథలను డోలు వాయిస్తూ గానం చేస్తారు. ఈ గానంలో కంఠము, డోలు, కంచు తాళములు ప్రధానం. శ్రోత దృష్టి కథపైననే నిలుస్తుంది. మేడారం జాతరలో కొలిచే సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథలను రామచంద్రయ్య కోయభాషలోను, తెలుగులోను పాడేవాడు.

ప్రాముఖ్యత

కోయభాషకు సొంత లిపి వాడుకలో లేనందున, తెగ చరిత్ర తరతరాలుగా గాయకుల జ్ఞాపకంలోనే నిలిచి ఉంది. కొత్త తరం నేర్వనిచో, గాయకునితోపాటు ఆ చరిత్రలో కొంత భాగం నశిస్తుంది. ధ్వనిముద్రణ వలన పదాలు, లయ భద్రపడతాయి. కాని ఏ తంతులో, ఏ వేల్పు ఎదుట, ఏ భాగం పాడవలెనన్నది గురువు వెంట తిరిగి నేర్చుకొనవలసిన విద్య.

గుర్తింపు

భారత ప్రభుత్వం 2022లో ఇతనికి పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. అదే ఏడాది కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగిలయ్యకు కూడా ఈ గౌరవం లభించింది.