పదివేల మైళ్ళ అన్వేషణము

మానవశరీరమున రక్తనాళములేగాక, శోషరసనాళములనెడి సన్నని కాలువలు కూడ వ్యాపించియున్నవి. వీని మార్గమున అక్కడక్కడ చిక్కుడుగింజలవంటి చిన్న గ్రంథులు గలవు. కాలికి పుండు లేచినపుడు గజ్జలలో బిళ్ళ కట్టుట అందఱెఱిగినదే. ఆ బిళ్ళ ఇట్టి గ్రంథియే. రోగక్రిములతో పోరాడు లింఫోసైట్లు అను తెల్లకణములు అందు నివసించుచు, ఊరిని కాచు తలారులవలె దేహమును కాపాడుచుండును. ఈ కావలికణములలో ఒకటి క్రమము తప్పి, హద్దు లేక తన సంతతిని పెంచుకొనినచో కలుగు వ్యాధియే లింఫోమా. ఇది యొక విధమగు కాన్సరు. పసిపిల్లలకు సైతము ఇది వచ్చుట కలదు.

ఏ దురభ్యాసమును ఎఱుగని బిడ్డకు ఈ వ్యాధి ఏల రావలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు ఒక శస్త్రవైద్యుడు పదివేల మైళ్ళు పయనించెను. ఆయన పేరు డెనిస్ బర్కిట్.

బర్కిట్ 1911లో ఐర్లండున జన్మించెను. పదునొకండవ యేట ప్రమాదవశమున ఒక కన్ను కోల్పోయెను. అయినను అధైర్యపడక శస్త్రవైద్యము నభ్యసించి, ఆఫ్రికాలోని ఉగాండా దేశమున వైద్యుడుగా కుదిరెను. 1957లో కంపాలా నగరమునందలి ములాగో వైద్యశాలలో, సహవైద్యుడొకరు ఆయనకు ఒక అయిదేండ్ల బాలుని చూపెను. వాని దవడలు పైన, క్రింద, ఇరుప్రక్కల వాచి ముఖము వికృతమైయుండెను. అట్టి రోగమును బర్కిట్ అంతకుముందెన్నడును చూచియుండలేదు. కొన్ని వారములకు జింజా పట్టణపు వైద్యశాలలో ఆయన కిటికీగుండా చూడగా, పచ్చికపై తల్లిచెంత కూర్చున్న మఱియొక బిడ్డకును అవే వాపులు కానవచ్చినవి. పరీక్షింపగా ఆ బిడ్డ కడుపులోను కణితులుండెను. ఒకసారి కనుపించినది వింత; రెండవసారి కనుపించినది విచారింపదగిన విషయము.

బర్కిట్ పాత చికిత్సాపత్రములను శోధించి, 1958లో తన పరిశీలనలను ప్రకటించెను. పిమ్మట ఆఫ్రికాలోని వైద్యశాలలకు చిత్రములతో గూడిన ప్రశ్నపత్రములను పంపెను. ప్రత్యుత్తరములనుబట్టి పటముపై గుర్తులు పెట్టగా, మధ్య ఆఫ్రికాకు వడ్డాణము చుట్టినట్లు ఒక మేఖల ఏర్పడెను. దాని దక్షిణపుటంచును తెలిసికొనుటకై 1961లో ఆయన ఇద్దఱు మిత్రవైద్యులతో పాత మోటారుకారులో బయలుదేరి, సుమారు పది వారములలో పదివేల మైళ్ళు తిరిగెను. వెచ్చగానుండి వానలు కురియు పల్లపుసీమలలో ఆ వ్యాధి యుండెను. చల్లని ఎత్తుసీమలలో లేదు. మలేరియా మిక్కుటముగానుండు ప్రాంతములును అవియే!

ఆ సంవత్సరముననే బర్కిట్ లండనులో చేసిన ఉపన్యాసమును ఆంథొనీ ఎప్ స్టీన్ అను శాస్త్రజ్ఞుడు వినెను. ఈ కణితికి వైరస్ కారణము కావచ్చునని ఆయనకు తోచెను. కంపాలానుండి కణితిముక్కలను విమానముపై తెప్పించి పరీక్షించుచుండెను. 1963 డిసెంబరులో ఒకనాడు పొగమంచు వలన విమానము మాంచెష్టరుకు మళ్ళి, ముక్క ఆలస్యముగా చేరెను. సీసాలోని ద్రవము మసకబారియుండెను. చెడిపోయినదని పాఱవేయక ఎప్ స్టీన్ దానిని సూక్ష్మదర్శినితో చూచెను. అందు కణితికణములు సజీవములై తేలుచుండెను! వానిని పెంచి, 1964లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆయనయు ఆయన సహచరులైన బార్, అచాంగ్ లును క్రొత్త వైరసును కనుగొనిరి. దానికి ఎప్ స్టీన్-బార్ వైరసని పేరు వచ్చెను.

అయితే ఈ వైరస్ లోకమున నూటికి తొంబదిమందికి పైగా సోకును. వారిలో మిక్కిలి పెక్కుమందికి ఏ కాన్సరును రాదు. ఒక చేయి తట్టిన చప్పుడు గాదు గదా! మలేరియా మాటిమాటికి వచ్చిన బిడ్డలో లింఫోసైట్లు అమితముగా పెరుగును. వైరసును అదుపులోనుంచు శక్తి సన్నగిల్లును. ఆ పెరుగుదలలో ఎనిమిదవ క్రోమోసోము తునుక విఱిగి మఱొక క్రోమోసోమును, తఱచుగా పదునాల్గవదానిని, అంటుకొనుట తటస్థించును. అప్పుడు కణవృద్ధిని నడుపు జన్యువునకు కళ్ళెము తెగి వ్యాధి పుట్టును.

లింఫోమాలు పెక్కు విధములు. పుట్టుకతోనే రోగనిరోధకశక్తి లోపించినవారికి, హెచ్.ఐ.వి. సోకినవారికి, అవయవమార్పిడి పిమ్మట నిరోధకశక్తిని తగ్గించు మందులు వాడువారికి అవి వచ్చు అవకాశము హెచ్చు. కాని అవకాశము వేఱు, కారణము వేఱు. మబ్బు పట్టిన ప్రతిదినము వాన కురియదు. వ్యాధి వచ్చిన పిల్లలలో అధికసంఖ్యాకులకు ఇదమిత్థమని చెప్పదగిన కారణమే కానరాదు. కావున తల్లి పెట్టిన తిండివలననో, దిష్టివలననో, బిడ్డ చేసిన తప్పువలననో ఇది వచ్చినదని తలంచుట అజ్ఞానము. లింఫోమా అంటువ్యాధియు కాదు. చికిత్సలో జుట్టు రాలిన విద్యార్థి తిరిగి బడికి వచ్చినపుడు అతని ప్రక్కన కూర్చుండుటకు ఎవ్వరును జంకనక్కఱలేదు.

నొప్పి లేని బిళ్ళ వారములు గడచినను తగ్గక పెరుగుచున్నను, జ్వరము విడువకున్నను, బరువు తఱుగుచున్నను వైద్యునికి చూపవలెను. దవడకణితులు మందులతో కరగిపోవుటను బర్కిట్ స్వయముగా చూచెను. నేడు సకాలమున తగిన చికిత్స లభించినచో పెక్కుమంది పిల్లలు స్వస్థులగుచున్నారు. 1993లో బర్కిట్ మరణించెను. ఒక బిడ్డ ముఖము చూచి "ఇది ఏల?" అని అడిగి ఊరకుండక, ఆ ప్రశ్నవెంట నడచినవాని శ్రమ నేటికిని బిడ్డలకు ప్రాణము పోయుచున్నది.