ఏడో తరగతి అడిగితే.. చెప్పగలరా?

అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు గాల్లో ఎందుకు తేలుతుంటారు? ఇంటర్ ఫిజిక్స్ చదివిన ఎవరిని అడిగినా 'అక్కడ గ్రావిటీ ఉండదు కదా' అనేస్తారు. మీ జవాబూ అదేనా? అయితే ఒక్క లెక్క చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది నేల నుంచి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. మన తిరుపతి బస్సు రాత్రికి రాత్రి అంతకంటే ఎక్కువ దూరమే వెళ్తుంది. అంత దగ్గర్లో భూమి ఆకర్షణ ఎక్కడికి పోతుంది? నేలమీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం అక్కడా ఉంటుంది. మరి ఎందుకు తేలుతున్నారు?

ఈ ప్రశ్న మిమ్మల్ని ఏ ప్రొఫెసరో అడిగితే ఏదో ఒక ఫార్ములా రాసి బయటపడొచ్చు. స్కూల్ బస్సు దిగి వచ్చిన ఏడో తరగతి పిల్లాడు 'అన్నా, ఎందుకట్ల?' అని అడిగితే ఫార్ములా పనిచేయదు. అక్కడ మాట కావాలి, ఉదాహరణ కావాలి, ముందుగా మనకు నిజంగా తెలిసి ఉండాలి. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో మనవాళ్లు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే. సబ్జెక్టు చదివారు, మార్కులు వచ్చాయి. ఎదుటివారికి చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

దీన్ని నేర్పే కోచింగ్ సెంటర్ అమీర్‌పేటలో కూడా లేదు. అబిడ్స్‌కీ నాంపల్లికీ కూతవేటు దూరంలో ఒక చోటుంది.

నౌబత్ పహాడ్ ఎక్కితే...

నాంపల్లి స్టేషన్ నుంచి పబ్లిక్ గార్డెన్స్, అసెంబ్లీ దాటి ఆదర్శ్‌నగర్ వైపు వెళ్తే నౌబత్ పహాడ్ గుట్ట వస్తుంది. దానిమీదే బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్. ఇక్కడి ప్లానెటోరియాన్ని 1985 సెప్టెంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు ప్రారంభించారు. సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది. ఆదిలాబాద్ ప్రాంతంలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' రాక్షసబల్లి అస్థిపంజరం ఉన్నది కూడా ఇక్కడే. 2019లో ఇస్రో సహకారంతో అంతరిక్ష మ్యూజియం తోడైంది. మీలో చాలామంది చిన్నప్పుడు స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో దీన్ని చూసే ఉంటారు. ప్లానెటోరియం చీకట్లో నిద్రపోయినవాళ్లూ ఉంటారు, ఫర్వాలేదు.

ఇప్పుడు మరోసారి వెళ్లండి, ఈసారి వేరే పనిమీద. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాక ఎగ్జిబిట్లను కాసేపు వదిలేసి మనుషుల్ని చూడండి. ఒక కుటుంబం రాకెట్ నమూనా దగ్గరికి వస్తుంది. పిల్లాడిని ముందు నిలబెట్టి ఫొటో తీస్తుంది. పక్కనున్న బోర్డులో రెండు లైన్లు చదివేలోపే వెనకాలవాళ్లు వచ్చేస్తారు. 'ఇదేంటి నాన్నా?' అని పిల్ల అడుగుతుంది. 'రాకెట్' అంటాడు నాన్న. అంతే, ముందుకు వెళ్లిపోతారు. ఆ నాన్నకు, ఆ పిల్లకు మధ్య ఖాళీగా ఉన్న చోటే వాలంటీర్ నిలబడాల్సింది.

ప్రపంచంలో పెద్ద సైన్స్ మ్యూజియాలు ఈ ఖాళీని ఎప్పుడో గుర్తించాయి. భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరెటోరియం పెట్టినప్పుడు సందర్శకులకు వివరించే పనిని హైస్కూల్, కాలేజీ వయసు కుర్రకారుకే అప్పగించారు. వాళ్లకు 'ఎక్స్‌ప్లెయినర్' అని పేరు. వివరిస్తూ వివరిస్తూ ఎక్కువ నేర్చుకునేది వాళ్లేనన్నది ఆ మ్యూజియం నమ్మకం. అక్కడ వాళ్లకు జీతం కూడా ఇస్తారు. మన దగ్గర అది ఆశించలేం.

ఈ విషయం ముందే తేల్చుకోండి. ఇంటికి పదివేలు పంపాల్సిన పరిస్థితి మీదైతే సెలవు రోజుల్ని ఉచిత సేవకు ఇవ్వమని ఎవరూ చెప్పకూడదు. పార్ట్‌టైమ్ ఉద్యోగమే చేసుకోండి. వీలున్నవాళ్లు కూడా వారానికి ఒకరోజు, రెండుమూడు గంటలకు మించి ఒప్పుకోవద్దు. వాలంటీర్ అంటే సిబ్బంది చేయాల్సిన పనికి ఉచితంగా దొరికిన మనిషి కాదు. ఎక్కడ చేరినా టికెట్ కౌంటర్లో కూర్చోబెట్టి, కుర్చీలు మోయించి ఊరుకుంటే రెండో వారమే మర్యాదగా తప్పుకోండి.

రాయి విసిరితే...

మొదట్లో వేసిన ప్రశ్న మిగిలే ఉంది కదా. దానికి ఆ గుట్టమీదే జవాబు చెప్పొచ్చు.

నౌబత్ పహాడ్ మీద నిలబడి ఉత్తరం వైపు ఒక రాయి విసిరారనుకోండి. కాస్త దూరంలో పడుతుంది. ఇంకాస్త బలంగా విసిరితే హుస్సేన్‌సాగర్‌లో. మీకు బాహుబలి చేతులుంటే సికింద్రాబాద్ అవతల. ఇంకా వేగంగా విసిరితే నాగ్‌పూర్, ఢిల్లీ. రాయి ప్రతిసారీ కిందికే పడుతోంది. కానీ భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, రాయి కిందికి వంగేకొద్దీ నేల కూడా దాని కింద నుంచి వంగిపోతూ ఉంటుంది. గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగం ఉంటే (గాలి అడ్డు లేదనుకుందాం) ఆ రాయి పడుతూనే ఉంటుంది, నేలను మాత్రం తాకదు. భూమి చుట్టూ తిరిగి మళ్లీ మీ వీపు వెనకాలకు వస్తుంది. దాన్నే కక్ష్య అంటాం. అంతరిక్ష కేంద్రమూ, అందులోని మనుషులూ అలా కలిసి పడుతూనే ఉన్నారు. తాడు తెగిన లిఫ్ట్‌లో ఉన్నట్టు. అందుకే తేలుతున్నట్టు కనిపిస్తారు.

ఇది న్యూటన్ చెప్పిన ఫిరంగి గుండు ఉదాహరణే. ఫిరంగి బదులు నౌబత్ పహాడ్ పెట్టుకున్నాం. వాలంటీర్ చేయాల్సిన పని దాదాపు ఇంతే. వచ్చినవారి ఊరు కనుక్కుని ఆ ఊరి రాయి విసరడం. వరంగల్ పిల్లలైతే భద్రకాళి చెరువు, కర్నూలు వాళ్లయితే కొండారెడ్డి బురుజు.

భాష దగ్గరా ఇంతే. తెలుగు మీడియం పిల్లలకు 'గురుత్వాకర్షణ' అంటే వెంటనే తెలుస్తుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఆ మాట వింటే తెల్లముఖం వేస్తారు. వాళ్లకు 'గ్రావిటీ' అనాలి. పాతబస్తీ నుంచి వచ్చిన కుటుంబానికి 'చాంద్ పర్ వజన్ ఛే గునా కమ్' అంటే చాలు. ఒకే విషయాన్ని పది నిమిషాల్లో మూడు భాషల్లో చెప్పగలగడం హైదరాబాద్ పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. దాన్ని రెజ్యూమెలో రాసుకోవచ్చని మనకే తట్టదు.

మిరుగు అంటే ఏంది బిడ్డా?

పిల్లల ప్రశ్నలకు పుస్తకాల్లో జవాబులు దొరుకుతాయి. పెద్దవాళ్ల ప్రశ్నలు అలా ఉండవు. నక్షత్రాల బొమ్మ దగ్గర ఒక పెద్దాయన ఆగి 'మిరుగు అంటరు గదా బిడ్డా, గది ఇండ్ల ఏడుంటది?' అని అడిగితే? బీటెక్ నాలుగేళ్లలో కార్తెల గురించి ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ ప్రశ్నలో ఖగోళశాస్త్రం నిండా ఉంది.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. ఆరోజే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరుతారు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న దిక్కుకు చేరిన రోజులు. అంటే మిరుగు నాడు మృగశిర మన కంటికి కనిపించదు. సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. మరి ఎప్పుడు చూడాలి? అదే గ్రౌండ్స్‌కి సుమారు ఐదు నెలల ముందు, జనవరిలో నుమాయిష్‌కి వచ్చినప్పుడు. రాత్రి తొమ్మిదింటికి మిర్చి బజ్జీ తింటూ తల పైకెత్తితే ఒకే వరసలో మూడు నక్షత్రాలు కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో ఒరాయన్ అనే వేటగాడి నడుం పట్టీ అది. ఆ వేటగాడి తల దగ్గరున్న చిన్న చుక్కల గుంపే మన మృగశిర. భుజం దగ్గర ఎర్రగా మెరిసేది ఆరుద్ర, అంటే బీటల్‌గూస్. జనవరికీ జూన్‌కీ మధ్య భూమి సూర్యుడి చుట్టూ దాదాపు సగం దూరం తిరిగింది కాబట్టి, రాత్రి ఆకాశంలో ఉన్న చుక్కలు పగటి ఆకాశంలోకి వెళ్లిపోయాయి. నుమాయిష్‌కీ చేప ప్రసాదానికీ మధ్య తేడా అంతా భూమి చేసిన ప్రయాణమే.

ఇలా చెబితే ఆ పెద్దాయనకు తెలిసిన లోకంలోంచే జవాబు వచ్చినట్టు ఉంటుంది. ఆయన కూడా మీకు నాలుగు విషయాలు చెబుతారు, ఏ కార్తెలో ఏ విత్తనం వేస్తారో. రాసుకోండి.

గ్రహణం రోజుల్లో ప్రశ్నలు కాస్త పదునుగా ఉంటాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర శాస్త్రవేత్తలు టెలిస్కోపులు బిగించుకుని కూర్చుంటే, ఊళ్లలో చాలామంది తలుపులు వేసుకుని ఇళ్లలో ఉండిపోయారు. ఇప్పటికీ 'గర్భిణులు బయటికి రావొచ్చా?' అని అడిగేవారు ఉంటారు. నవ్వారంటే ఆ మనిషి మళ్లీ ఏ సైన్స్ సెంటర్ మెట్లూ ఎక్కరు. రాహువు, కేతువు అని పాతవాళ్లు అన్నది చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువుల్నే. చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వంగి ఉండబట్టే ప్రతి అమావాస్యకూ గ్రహణం రాదు. ముందు అది చెప్పండి. సూర్యుడిని నేరుగా చూడటం ఎప్పుడైనా ప్రమాదమే అనీ, గ్రహణం నుంచి ప్రత్యేకంగా వచ్చే విషకిరణాలేమీ లేవనీ ఆ తర్వాత చెప్పండి. వింటారు.

ఎలా అడగాలి?

'వాలంటీర్లు కావలెను' అని నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి. మీరే వెళ్లి అడగాలి. ఆదివారం వెళ్లొద్దు, ఆరోజు సిబ్బందికి తల గోక్కునే తీరిక ఉండదు. వారం మధ్యలో వెళ్లండి. ఒక పేజీ దరఖాస్తు చాలు. ఏ కాలేజీ, ఏ భాషలు వచ్చు, వారంలో ఏరోజు ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఎన్ని నెలలు. అన్నిటికంటే ముఖ్యం, ఏ మూడు ఎగ్జిబిట్ల దగ్గర నిలబడాలనుకుంటున్నారో పేర్లు రాయండి. 'ఏ పనైనా చేస్తాను సార్' అనేవాళ్లకి ఏ పనీ దొరకదు. వీలైతే ఒక ఎగ్జిబిట్ గురించి నిమిషంలో అక్కడికక్కడే చెప్పి చూపించండి.

మీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే ప్రోగ్రాం ఆఫీసర్ నుంచి లెటర్ తీసుకెళ్లండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటల సేవ ఎలాగూ చేయాలి. ఈ గంటల్ని అందులో కలుపుతారేమో ముందే అడిగి పెట్టుకోండి. పని మొదలుపెట్టే ముందే అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. మిమ్మల్ని చూసుకునేది ఎవరు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారా లేదా. అమ్మాయిలైతే సాయంత్రం ఎన్నింటికి వదులుతారో కూడా. అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర్లోనే ఉంది కానీ, గుట్ట దిగి నడవాలి.

కుదరదన్నారా? సైన్స్ సెంటర్ ఒక్కటే దారి కాదు. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. మీ వీధిలో ప్రభుత్వ పాఠశాల ఉంది. హెడ్మాస్టర్ ఒప్పుకుంటే జీరో షాడో డే చేయించండి. ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12.12కి, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో 12.23కి. నేలమీద నిలబెట్టిన సీసా నీడ మాయమైపోతుంది. ఖర్చు సున్నా. చిక్కల్లా ఒకటే, మేలో బడులకు సెలవులు, ఆగస్టులో మబ్బులు!

తయారీకి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల బజారు చాలు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ఫిజిక్స్, దొరికితే పెరెల్మాన్. తెలుగులో సైన్స్ చెప్పే ఒడుపు కావాలంటే మహీధర నళినీమోహన్ రాసింది ఏది కనిపించినా బేరమాడకుండా కొనేయండి.

ఉద్యోగానికి పనికొస్తుందా?

నగరంలో స్కైరూట్ ఉంది. 2022 నవంబర్ 18న దేశంలోనే తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను పంపింది. ధ్రువ స్పేస్ ఉంది, బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. మ్యూజియంలో నాలుగు నెలలు నిలబడినందుకు వీళ్లెవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. అలా చెప్పేవాళ్లని నమ్మొద్దు. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టుకైనా ముందు రాతపరీక్ష దాటాల్సిందే. ఆ తర్వాతి ఇంటర్వ్యూలో మీ బేసిక్స్ తవ్వుతారు. అప్పుడు తెలుస్తుంది ఏడో తరగతి పిల్లాడు ఎంత మేలు చేశాడో.

నేరుగా ఉపయోగపడే చోట్లూ ఉన్నాయి. కోల్‌కతా కేంద్రంగా ఉన్న నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ దేశమంతటా సైన్స్ సెంటర్లు నడుపుతోంది. తిరుపతిలోని రీజనల్ సైన్స్ సెంటర్ దానిదే. అందులో క్యూరేటర్, ఎడ్యుకేషన్ అసిస్టెంట్ లాంటి పోస్టులకు నోటిఫికేషన్లు వస్తుంటాయి. బీఈడీ చేసి టీచర్ కావాలనుకునేవారికి, కస్టమర్‌కి ప్రొడక్ట్ డెమో ఇవ్వాల్సిన ఇంజినీర్లకు కూడా చేసే పని ఇదే, ఎదుటివారు మారతారంతే.

రెజ్యూమెలో 'సైన్స్ మ్యూజియం వాలంటీర్' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎన్ని ఆదివారాలు, ఏ ఎగ్జిబిట్లు, ఏ భాషలు, రోజుకు సుమారు ఎంతమందితో మాట్లాడారు, ఇవన్నీ రాయండి. అందుకోసం జేబులో ఒక చిన్న నోట్‌బుక్ ఉండాలి. అడిగిన ప్రతి ప్రశ్నా అందులోకి ఎక్కాలి. జవాబు తెలియకపోతే 'తెలియదు, కనుక్కుని చెప్తా' అనండి, ఆ పేజీకి మూల మడత పెట్టండి. ఇంటర్వ్యూలో 'మీకు తెలియనిది ఎలా నేర్చుకుంటారు?' అని అడిగితే ఆ మడతలే చూపించొచ్చు.

మొదటి పేజీకి ఒక ప్రశ్న ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. అపోలో-11 బయల్దేరిన నాలుగు రోజులకే, 1969 జులై 20న చంద్రుడి మీద దిగింది. మన చంద్రయాన్-3 2023 జులై 14న బయల్దేరి ఆగస్టు 23న దిగింది, 40 రోజులు. 'మనది స్లోనా అక్కా?' అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. రాకెట్ శక్తి, ఇంధనం, భూమి చుట్టూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్లిన కక్ష్యలు, ఈ మూడూ రావాలి. ఒక్క ఫార్ములా కూడా రాకూడదు. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ తమ్ముడికో, అమ్మకో నిమిషంలో చెప్పి చూడండి.