మండువా ఇంటి కప్పు

ఇంటికి గోడలు శరీరమైతే కప్పు శిరస్సు వంటిది. ఎండనూ వాననూ ముందుగా ఎదుర్కొనేది అదే. కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో నేటికీ కనిపించే మండువా లోగిళ్లు ఇందుకు చక్కని నిదర్శనాలు.

మండువా ఇంటిలో పెంకుల కప్పు నాలుగు వైపుల నుండి నడిమి ఖాళీ స్థలం మీదికి వాలి ఉంటుంది. వాననీరు మండువాలోకి జారి తూము ద్వారా వెలుపలికి పోతుంది. గదులకు గాలి, వెలుతురు ఆ మార్గం నుండే లభిస్తాయి. వేడెక్కిన గాలి తేలికై మండువా గుండా పైకి పోతుంది; కొంత పెంకుల సందుల నుండి బయటపడుతుంది. వానకు చెమ్మగిల్లిన దూలాలు, వాసాలు ఈ గాలికే ఆరుతాయి. టేకు కలప తరతరాలు నిలవడానికి దాని గట్టిదనంతోపాటు ఈ గాలి ప్రసారం కూడా కారణం.

ఇటీవల పలువురు తాతల నాటి ఇళ్లను పునరుద్ధరిస్తున్నారు. ఇది అభినందనీయమే. అయితే వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలకు తాళలేక, పెంకుల సందులను సిమెంటుతో పూడ్చి, వాసాల కింద ప్లాస్టిక్ పొరను, దాని కింద పలకల కప్పును బిగిస్తుంటారు. కొంతకాలం ఇల్లు చల్లగానే ఉంటుంది. కాని పైనుండి కారిన తడి ఆరే దారి లేక కలపలోనే నిలిచిపోతుంది. చెదలు, బూజు కంటికి కనిపించకుండా వ్యాపిస్తాయి. దూలం కుంగిన తరువాతగాని ఇంటివారికి ప్రమాదం తెలియదు.

మరి వేడిని అడ్డుకోవడమెట్లు? ఎండకు కాగిన పెంకులు తమ వేడిని కిరణాల రూపంలో కిందికి ప్రసరింపజేస్తాయి. కాబట్టి పెంకులను జాగ్రత్తగా దించి, వాసాలపై చెక్క పలకలు పరచి, వాటిపై వేడిని నిరోధించే తేలికపాటి పొరను అమర్చాలి. శుద్ధి చేసిన కొబ్బరిపీచు పలకలను గాని రాతినారను గాని ఇందుకు వాడవచ్చు. దానిపై వేడిని వెనుకకు మళ్లించే అల్యూమినియం రేకు పరచాలి. రేకుపై వాలు వెంట నిలువు బద్దలు, వాటిపై అడ్డబద్దలు కొట్టి పెంకులు కప్పాలి. రేకుకూ పెంకులకూ నడుమ కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. చూరు వద్ద ప్రవేశించిన గాలి ఆ ఖాళీలో వేడెక్కి, వెన్నుగాడి వద్ద విడిచిన సందు నుండి వెళ్లిపోతుంది. పెంకుల నుండి కారిన నీరు రేకు మీదుగా చూరుకు జారుతుంది. గబ్బిలాలు, పురుగులు చొరబడకుండా రెండు చోట్లా సన్నని జల్లెడ అమర్చాలి.

ఏర్పాటు ఏదైనా పాత వాసాలు మోయగల బరువును ముందుగా పరీక్షింపజేయాలి. చెడిన కలపను మార్చిన పిమ్మటనే పొరలు వేయాలి. వెన్ను పెంకులను అతకడానికి సిమెంటు కంటె సున్నం మేలు. సున్నం చెమ్మను ఆరనిస్తుంది. కప్పు కదలికలకు కొంతవరకు సర్దుకొంటుంది.

ఏసీ అమర్చే గదుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తీరప్రాంతపు గాలిలో తేమ అధికం. అది చల్లని పలకలను తాకినచోట నీటి బిందువులుగా మారుతుంది. కనుక ఆవిరిని అడ్డుకొనే పొర వెలుపలి వైపున, అనగా వేడి వైపున ఉండాలి. లోపలి వైపున ప్లాస్టిక్ పరిస్తే తడి కలపలోనే బందీ అవుతుంది.

కొందరు మండువాను అద్దాలతో పూర్తిగా మూసివేస్తారు. అప్పుడు ఎండ లోపలికి వస్తుంది. వేడిగాలి మాత్రం బయటికి పోలేదు. ఇంటికి ఊపిరి పోసిన చోటే ఉక్కకు నిలయమవుతుంది. కోతుల బెడద ఉంటే ఇనుప జాలీ చాలును.

పాత ఇంటిని నిలబెట్టదలచినవారు ముందుగా అది ఎట్లా గాలి పీల్చుకొంటున్నదో గమనించాలి. ఆ దారిని మూయకుండా వేడిని తగ్గించగలిగితే తాతలు కట్టిన లోగిలి మనుమల కాలానికీ నీడనిస్తుంది.