రిష్రా: తొలి జనపనార మిల్లు చుట్టూ వెలసిన ఊరు

పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న రిష్రా ఒకప్పుడు చిన్న గ్రామం. 1855లో ఆంగ్లేయుడు జార్జ్ ఆక్లాండ్, బెంగాలీ వ్యాపారి విశ్వంభర్ సేన్ ఆర్థిక తోడ్పాటుతో, దేశంలోనే తొలి జనపనార మిల్లును ఇక్కడ నెలకొల్పారు. నార వడికే యంత్రాలను స్కాట్లాండ్‌లోని డండీ నుంచి తెప్పించారు.

ఈ చోటుకు అనుకూలతలు అనేకం. తూర్పు బెంగాల్‌లో పండిన నార పడవలపై వచ్చేది. కలకత్తా రేవు చేరువలోనే ఉంది. 1854 ఆగస్టు 15న హౌరా–హుగ్లీ రైలు మార్గం ప్రారంభమైంది.

తొలినాళ్ల కార్మికులలో అత్యధికులు స్థానిక బెంగాలీలే. హుగ్లీ తీరాన మిల్లులు పెరిగేకొద్దీ, పందొమ్మిదో శతాబ్దం చివరినాటికి బీహార్, ఒరిస్సాల నుంచే కాక గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువారు కూడా ఈ ప్రాంతానికి వలస వచ్చారు. వారిలో అనేకులకు మిల్లు యాజమాన్యాలు కట్టించిన ‘కూలీ లైన్ల’లోని ఇరుకు గదులే నివాసం. పని ఉన్నంతవరకే ఆ గది. అందుకే సొంతూరి పొలంతో, బంధువులతో అనుబంధాన్ని వారు తెంచుకోలేదు. ఏటా కొంతకాలం స్వగ్రామాలకు వెళ్లి వచ్చేవారు.